మొద్దుబారని చాకు

హుజూర్‌నగర్,
1948 జనవరి 20.

చిరంజీవి బావమరిది వెంకటనర్సుకు బావ రామచంద్రయ్య దీవించి రాయునది.

ఇక్కడ నేను, మీ అక్క రాజమణి, రెండు మగ్గాలు బాగానే ఉన్నాం. మూడో మగ్గం ఖాళీగా ఉంది.

నీతో ఒక చిన్న పని పడింది. నాకొక చాకు కావాలి. మడిస్తే జేబులో పట్టేది, రోజూ వాడుకునేది. ఒక చుట్టానికి కానుకగా ఇవ్వాలి. ఇక్కడి బజారులో చాకులు అమ్మడం మానేశారు. కొన్నవాడి పేరు రాసుకుంటున్నారు, అమ్మినవాణ్ని ఠాణాకు తీసుకుపోతున్నారు. మీ నారాయణపేట వైపు ఇంకా కూరగాయలు కోసుకునే తింటున్నారని విన్నాను.

చాకు మాత్రం చాలాకాలం మన్నాలి. నా పెళ్లిలో మీ నాన్న ఒక చాకు పెట్టాడు, జ్ఞాపకం ఉందా? పసుపుబట్టలు మాయకముందే దాని పిడి ఊడిపోయింది. ఇరవై ఆరేళ్లుగా ఈ మాట మనసులోనే పెట్టుకున్నాను. మీ అక్క ఇప్పుడు పక్కనే ఉండి నూలు చుడుతోంది కానీ, ఆమెకు చదువు రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఈమధ్య మాకొచ్చే ఉత్తరాలన్నీ ఎవరో విప్పి, చదివి, మళ్లీ అంటించి పంపుతున్నారు. ఎవరో గానీ పనిమంతుడు. మన గంజి కంటే అతని జిగురు గట్టిది.

మీ బావ,
రామచంద్రయ్య.


నారాయణపేట,
1948 ఫిబ్రవరి 9.

బావకు వెంకటనర్సు నమస్కారాలు.

ఉత్తరం అందింది. జిగురు సంగతి నిజమే. విప్పబోతే కాగితం చిరిగింది గానీ జిగురు ఊడలేదు.

మా నాన్న పెట్టిన చాకుకు ఇప్పుడు వంక పెడుతున్నావు. ఆ చాకుతో నువ్వు పెళ్లిపందిట్లో కొబ్బరికాయ కొట్టబోయావని మా వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆడలేనివాడు మద్దెల ఓటిదన్నాడట.

సరే, చాకు చూస్తాను. కానీ ఎవరికో, ఏం పనికో చెప్పకుండా ఎట్లా చూడను? చీర నేసేముందే కట్టేది ముసలమ్మా, పెళ్లికూతురా అని అడుగుతాం. పొలం పనికా, మగ్గం పనికా, ఊరికే జేబులో పెట్టుకుని నలుగురికి చూపించడానికా? ఆ చుట్టం ఎవరు?

ఇంకొక మాట. మూడో మగ్గం ఖాళీ అని రాశావు. అది మా యాదగిరి కూర్చునే మగ్గం కదా! ఇక్కడ నూలు దొరక్క, చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం ఎందుకని వాణ్ని నీ దగ్గరకు పంపి ఏడాది దాటింది. ఇరవై రెండేళ్లవాడు, చదువొచ్చినవాడు. దసరా నుంచి ఒక్క ముక్క రాయలేదు. వాళ్లమ్మ అరుణమ్మ రోజూ అడుగుతోంది. జ్వరమేమైనా తగిలిందా? తగిలితే దాచకు.

వెంకటనర్సు.


హుజూర్‌నగర్,
1948 మార్చి 2.

చిరంజీవి వెంకటనర్సుకు,

యాదగిరి ఆరోగ్యంగా ఉన్నాడు. బాగా నడుస్తున్నాడు. ఆకలి కూడా బాగా వేస్తోందట. నేను ఈ ఉత్తరం రాసే సమయానికి ఇంట్లో లేడు.

చాకు ఎట్లా ఉండాలో అడిగావు. తాడు కోయాలి. కాలిలో విరిగిన ముల్లు తీయాలి. వేపపుల్ల చెక్కాలి. మంచులో పడి ఉన్నా తుప్పు పట్టొద్దు. ఎండలో మెరవొద్దు. తెరిచినప్పుడు చప్పుడు కావొద్దు. దారం కట్టి మొలకు వేలాడదీసుకునేటట్టు పిడి చివర ఒక బెజ్జం ఉండాలి. ఒక చేత్తో తెరుచుకోవాలి. ఎడమ చేత్తో అయితే మరీ మంచిది.

చుట్టం మీ వైపువాడే. ఇంతకంటే అడగకు.

మీ అక్క నిన్ను అడిగానని రాయమంది. రాశాను.

రామచంద్రయ్య.


నారాయణపేట,
1948 మార్చి 25.

బావకు,

ముందుగా, ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు చదివే అయ్యగారికి దండాలు. అయ్యా, చాకు వేపపుల్లలకు. మా బావకు పళ్ల మీద మమకారం ఎక్కువ.

ఇక నీ సంగతి. మగ్గం మీద కూర్చునేవాడికి చప్పుడు కాని చాకు ఎందుకు బావా? మూడు మగ్గాలు ఆడుతుంటే పక్కన ఫిరంగి పేలినా వినపడదు. ఇంట్లో ఉండేవాడి చాకు మంచులో ఎందుకు పడి ఉంటుంది?

మా వైపు చుట్టాలను లెక్క వేశాను. మా పెద్దబాపుకు చూపు లేదు. మా మేనమామ ఇరవై ఏళ్లుగా మంచం దిగలేదు, ముల్లు గుచ్చుకునే అవకాశం లేదు. నాకు నువ్వు ఇచ్చే రకం కాదు. ఇక మిగిలినవాడు ఒక్కడే, ఎడమచేతివాటం వాడు. చిన్నప్పుడు మగ్గం మీద నాడెను ఎడమచేత్తో విసురుతుంటే నేనే రెండు దెబ్బలు వేశాను. వాడి పేరు ఇక్కడ రాయను. చాకు ఎవరికో తెలిసింది. ఇక అడగను.

తెలిసినప్పటి నుంచి మూడు చాకులు చూశాను. మొదటిది పట్నం సరుకు. రెండు అలుగులు, ఒక బిరడా తీసే మర, ఒక గోళ్లు గీసుకునే రేకు. తళతళ మెరుస్తోంది. ఆరు రోజులు పడుగు దారాలు కోసేసరికి కీలు వదులై, కిందికి వంచితే అలుగు దానంతటదే బయటికొస్తోంది. రెండోది షోలాపూర్ వ్యాపారి దగ్గర చూశాను. పదును బాగుంది, పిడి ఎముకది. రాత్రంతా నీళ్లలో వేసి తీస్తే పిడి పగిలింది. వ్యాపారి 'చాకును నీళ్లల్ల ఎవడేస్తడయ్యా' అని తగాదాకొచ్చాడు. మూడోది మా ఆవిడ చింతకాయలు గీరేది. అన్నిట్లోకి అదే నయం, కానీ ఆమె ఇవ్వనంది.

కాబట్టి చేయిస్తాను. జర ఓపిక పట్టు.

వెంకటనర్సు.


నారాయణపేట,
1948 ఏప్రిల్ 30.

బావకు,

ఈ ఉత్తరం, చాకు రెండూ చీరలు అమ్మే గోవిందమ్మ మూటలో వస్తున్నాయి. మధ్యలో విప్పేవాడు లేడు కనుక ఉన్నమాట రాస్తాను. నాకు భయంగా ఉంది. నీ మీద కోపంగా కూడా ఉంది. నా కొడుకు సంఘంలో చేరి అడవి పట్టాడని రాయలేక 'బాగా నడుస్తున్నాడు' అని రాస్తావా? అరుణమ్మ ఆ మాట విని, వాడికి మోకాళ్ల నొప్పి తగ్గిందని సంతోషపడింది. వాడికి మోకాళ్ల నొప్పి ఎప్పుడూ లేదు. ఆమెకు ఏదో ఒకటి తగ్గాలి.

వాణ్ని నీ ఇంటికి పంపింది నేనే కాబట్టి నిన్ను ఎక్కువ తిట్టలేకపోతున్నాను. ఎందుకు పోయాడో మాత్రం రాయి.

చాకు సంగతి. కమ్మరి మానయ్య చేశాడు. మా ఊరి చివర పడి ఉన్న పాత బస్సు కమాను పట్టీ కోసి, కాల్చి, అలుగు సాగదీశాడు. పిడి బర్రె కొమ్ముది, చీలలు ఇత్తడివి. మెరవకుండా పొగబెట్టి నల్లచేశాడు. తెరిచేందుకు గోటి గాడి ఎడమచేతి వైపు పెట్టించాను. మూడుసార్లు తిప్పి పంపాను. మూడోసారి మానయ్య, 'నీ బిడ్డ పెండ్లికి పిలగాన్ని గిన్నిసార్లు సూసినవా?' అన్నాడు.

వారం రోజులు నేనే వాడాను. తాడు కోశాను, వేపకొమ్మలు కోశాను, రాత్రిళ్లు ఆరుబయట పెట్టాను, నీళ్లలో వేశాను. అడవిలో ఏమేం చేస్తారో నాకు తెలియదు కనుక తోచినవన్నీ చేశాను. ఏమీ కాలేదు. మానయ్య చెప్పిన మాట ఇది. 'గిది ఇరుగదు. ఎప్పుడన్న ఇరిగిందంటే బండసందుల పెట్టి మీదెక్కి తొక్కిండ్రన్నట్టే. పదేండ్లదాంక సానరాయి మొఖం సూడదు.'

చాకును వాడి చేతికి ఇవ్వొద్దు. కింద పెట్టు, వాడే తీసుకుంటాడు. చాకు చేతికి చేయి మారితే మనుషులు తెగిపోతారని మా అమ్మ అనేది. నేను అంతగా నమ్మను. నువ్వు మాత్రం కింద పెట్టు.

వెంకటనర్సు.


హుజూర్‌నగర్,
1948 మే 28.

చిరంజీవి వెంకటనర్సుకు,

గోవిందమ్మ తిరిగి వస్తోంది కనుక నేనూ ఉన్నమాట రాస్తాను. నువ్వు తిట్టింది సరైనదే. ఇంకొంచెం తిట్టాల్సింది.

చాకు దాదాపు చేరకుండానే పోయేది. నార్కట్‌పల్లి దగ్గర పోలీసులు బస్సు ఆపి మూటలు విప్పించారట. చాకు బయటపడింది.

'గిదెందుకే ముసల్దానా?'

'వక్కలు కోసుకోవద్దా దొరా? పండ్లు లెవ్వాయె.'

నమ్మకపోతే చూడమని నోరు తెరిచిందట. చూసినవాడు చాకు మూటలో పడేసి, బస్సును పొమ్మన్నాడట. ఆ నోటికి నేను రెండు చీరలు పెట్టాను.

యాదగిరి ఎందుకు పోయాడని అడిగావు. ఇక్కడి దొర గడీకి ఏటా మగ్గానికి రెండు పంచెలు ఊరికే నేసి పెట్టాలి. మా తాత పెట్టాడు, మా నాన్న పెట్టాడు, నేనూ పెట్టాను. పోయిన దసరాకు దొర మనిషి వచ్చినప్పుడు నీ కొడుకు మూడో మగ్గం మీద నుంచి దిగకుండానే, 'నూలు తెచ్చియ్యుండ్రి, కూలి ఇయ్యుండ్రి, నేస్త' అన్నాడు. అంత మర్యాదగా అన్నాడు వెంకటనర్సూ. ఆ సాయంత్రం రజాకార్లు వాడి కోసం వచ్చేసరికి వాడు లేడు. మగ్గం మీద పంచె సగంలోనే ఉంది. మీ అక్క దాన్ని కోయనివ్వడం లేదు.

మొన్న మధ్యాహ్నం గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. గడ్డం పెరిగింది. నేను చాకు చేతికి ఇవ్వబోయాను, నిజం చెబుతున్నాను, నువ్వు రాసింది మరిచిపోయాను. మీ అక్క అరిచింది. 'చేతికియ్యకు, కింద పెట్టు!' పీట మీద పెట్టాను. వాడు ఎడమచేత్తో తీసుకుని, తెరిచి, మూసి, గోటి గాడి చూసి, 'నాయిన చేయించిండా?' అన్నాడు. అవునన్నాను. మొలకు కట్టుకున్నాడు. జొన్నగట్కా తాగి పోయాడు. పోయేముందు రెండుసార్లు తడిమి చూసుకున్నాడు.

మీ అక్క పెద్దగా ఏడ్వలేదు. నేనే ఏడ్చాను.

రామచంద్రయ్య.


నారాయణపేట,
1948 అక్టోబరు 6.

బావకు,

ఈ ఉత్తరం ధైర్యంగా టపాలో వేస్తున్నాను. యూనియన్ సైన్యం వచ్చింది, ఐదు రోజుల్లో అంతా అయిపోయింది, నిజాం లొంగిపోయాడు, రజాకార్లు కనపడడం లేదు. మా వాడకట్టులో జెండా కోసం మూడు రంగుల గుడ్డ నేయమన్నారు. ఆకుపచ్చ నూలు లేక చిలకపచ్చ కలిపాను. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. దగ్గరికి రావద్దని అందరికీ చెప్పాం.

ఇక వాడు దాక్కోవాల్సిన పని లేదు కదా! మూడో మగ్గం తుడిపించు. లేదా ఇక్కడికే పంపు, నూలు మళ్లీ వస్తోంది. అరుణమ్మకు నిజం చెప్పేశాను. ఆమెకు ముందే తెలుసట. మోకాళ్ల నొప్పి సంగతి నా కోసం నమ్మినట్టు నటించిందట. కార్తీకానికి వస్తాడని మినుములు కొంది.

ఎప్పుడు బయలుదేరతాడో వెంటనే రాయి.

వెంకటనర్సు.


హుజూర్‌నగర్,
1948 డిసెంబరు 11.

చిరంజీవి వెంకటనర్సుకు,

వెంటనే రాయలేదు. ఉత్తరాలు మళ్లీ విప్పుతున్నారు. జిగురు మాత్రం మారింది, పలచన. అందుకే గోవిందమ్మ వచ్చేదాకా ఆగాను.

మీ దగ్గర అయిపోయిందేమో గానీ ఇక్కడ అయిపోలేదు. సంఘానికి భయపడి పట్నం పోయిన దొర, సైన్యం వెనకాలే తిరిగొచ్చాడు. సంఘం పంచిన భూములు తిరిగి ఇవ్వాలట. ఇచ్చేది లేదని వీళ్లు అడవిలోనే ఉన్నారు. మొన్నటిదాకా ఒక ఖాకీ వాళ్లు వాడి కోసం వెతికారు, ఇప్పుడు ఇంకో ఖాకీ వాళ్లు వెతుకుతున్నారు. ఊరి బయట క్యాంపు పెట్టారు. దొర ఈసారి పంచెలు అడగలేదు. పేర్లు అడిగాడు.

పోయిన వారం వాడు వచ్చాడు. చిక్కిపోయాడు. చాకు చూపించమన్నాను. నువ్వు నమ్మవు, కొత్తదానిలాగే ఉంది. పదును తగ్గలేదు, కీలు వదలలేదు, తుప్పు చుక్క లేదు. ఒక్కసారి కూడా సాన పట్టలేదట.

'నారాయణపేటకు పోయి మీ అమ్మను సూసి రారా' అన్నాను.

'ఉత్తగనే ఎట్ల పోత మామా? నలుగురు సచ్చిండ్రు. మిగిలినోళ్లు ఏమనుకుంటరు, ఇంటి మీద పానం పోయిందనుకోరా? ఏదన్న పనుంటే పోత.'

ఏం పని ఉంటుందో నాకు తోచలేదు. అరుణమ్మను మినుములు పోసి పెట్టుకోమను, పురుగు పట్టకుండా.

రామచంద్రయ్య.


నారాయణపేట,
1949 మార్చి 19.

బావకు,

వాడు వచ్చాడు.

పోయిన సోమవారం, ఎర్రటి ఎండలో, చీరల మూట భుజాన వేసుకుని బేరగాడిలాగా వచ్చాడు. అరుణమ్మ గుర్తుపట్టక 'మాకే చీరలమ్మేతందుకొచ్చినవా' అని నవ్వింది. తరువాత నవ్వలేదు. వాణ్ని పట్టుకుని నిలబడింది, పొయ్యి మీద రొట్టె మాడిపోయింది.

నేను అడగకముందే వాడు మొల నుంచి చాకు విప్పి నా ముందు నేల మీద పెట్టాడు. మొన విరిగి ఉంది.

'ఇరిగింది నాయినా. మానయ్య దగ్గర బాగుచేయిస్తవని వచ్చిన. ఆ పని మీదనే పంపిండ్రు.'

సరేనని చాకును మానయ్య దగ్గరకు తీసుకుపోయాను. మానయ్య దాన్ని వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. 'గిది పనిల ఇరిగింది కాదు. బండసందుల పెట్టి తొక్కిండు. రెండు పాలి తొక్కిండు, మొదటి పాలికి ఇరుగలే, సూడు' అని అలుగు మీద గీత చూపించాడు. గంటలో బాగుచేస్తానన్నాడు.

నేను ఇంటికొచ్చి, మానయ్య చెల్లెలి ఊరికి పెళ్లికి పోయాడనీ, నాలుగు రోజులు పడుతుందనీ చెప్పాను. వాడు, 'తొందరేం లేదు' అన్నాడు. బావా, మానయ్య కొలిమి మా ఇంటికి ఎంత దూరమో నీకు తెలుసు. నాలుగు రోజులూ సమ్మెట చప్పుడు వినపడుతూనే ఉంది. వాడూ విన్నాడు.

ఆ నాలుగు రోజులు వాడు ఇంట్లోంచి కదల్లేదు. గారెలు తిన్నాడు. నా మగ్గం మీద కూర్చుని, దాని మీదున్న చీర ఒక మూర నేశాడు. నాడెను ఎడమచేత్తోనే విసిరాడు. ఈసారి నేను దెబ్బ వేయలేదు. అంచు కొంచెం వంకర పోయింది. ఆ చీరను అమ్మనని అరుణమ్మ అప్పుడే చెప్పేసింది.

ఉండిపోరా అని అడిగాను. అడగకుండా ఎట్లా ఉంటాను? బతిమాలాను. కాళ్లు పట్టుకోవడమే తక్కువ. 'నాకు ఉండబుద్ధయితలేదనుకున్నవా నాయినా? నన్ను నమ్మి భూమి దున్నుకున్నోళ్లున్నరు. ఆళ్లను ఇడిసిపెట్టి నేనెట్లుంట?' అన్నాడు.

ఆ చాకు మనిషి మీదికి ఎప్పుడైనా తీశావా అని కూడా అడిగాను. లేదన్నాడు. ముళ్లకు, తాళ్లకు, చింతకాయలకే అన్నాడు. నమ్మాను.

బావా, నాకు ఇప్పుడు అర్థమైంది. తప్పంతా నాదే. మూడు చాకులు కాదని నాలుగోది చేయించాను, ఆరుబయట పెట్టాను, నీళ్లలో వేశాను, మూడుసార్లు తిప్పి పంపాను. ఆ పట్నం సరుకే పంపి ఉంటే నా కొడుకు ఈపాటికి నాలుగుసార్లు ఇంటికి వచ్చేవాడు. గట్టిది పంపాను, పది నెలలు రాలేదు. చివరికి రాయి మీద పెట్టి వాడే తొక్కుకోవాల్సి వచ్చింది.

అందుకని నాలుగో రోజు మానయ్య దగ్గరకు పోయి, మొన సాగదీసి, ఈసారి అలుగుకు నీళ్లు తక్కువ పట్టించమన్నాను, మెత్తగా ఉండేటట్టు. ఆయనకు కోపమొచ్చింది. 'రెండు నెలలకే మొద్దువారుతది. నా పేరు పోతది' అన్నాడు. పోనీ అన్నాను. నా మొహం చూసి తిత్తి ఊదాడు.

ఐదో రోజు పొద్దున చాకును గడప లోపల నేల మీద పెట్టాను. వాడు తీసుకుని, బొటనవేలితో పదును చూశాడు. వాడు మానయ్య కొలిమి దగ్గర ఆడుకుని పెరిగినవాడే. చూసి, మడిచి, మొలకు కట్టుకున్నాడు. 'బాగున్నది' అన్నాడు.

దారిలో వాడికేమైనా అయితే ఆ పాపం నాదే. అయినా చేశాను.

వెంకటనర్సు.


హుజూర్‌నగర్,
1949 జూన్ 4.

చిరంజీవి వెంకటనర్సుకు,

గోవిందమ్మ బయలుదేరుతోంది, రెండు ముక్కలే రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం యాదగిరి వచ్చాడు. క్షేమంగా ఉన్నాడు. చాకు మొద్దుబారిందట.

'సానరాయి ఉన్నదా మామా?' అన్నాడు.

లేదన్నాను. మా ఇంట్లో రెండున్నాయి. ఒకదాన్ని మీ అక్క అప్పటికే చీర కొంగు కింద పెట్టుకుంది. రెండోదాని మీద నేను కూర్చుని ఉన్నాను.

వాడు ఆమె కొంగు వైపు చూశాడు, నా వైపు చూశాడు. 'అయితే నారాయణపేటకే పోవాలె' అన్నాడు.

ఎల్లుండి బయలుదేరతాడు. అరుణమ్మను మినుములు నానబోయమను. మానయ్యను ఊళ్లో ఉండొద్దని చెప్పు.

రామచంద్రయ్య.